అక్క వేళ్ళమీది గీతలు

అక్క పనిచేసే హోటల్‌కి ముందువైపు గాజు తలుపులున్నాయని, లోపల పెద్ద పెద్ద దీపాలున్నాయని ఆవిడ వినడమే గాని చూసింది లేదు. ఏళ్ళ తరబడి ఆవిడ రాకపోకలన్నీ వెనక సందులోంచే. సందులోకి తెరుచుకునే రేకు తలుపు, తలుపు దాటగానే గిన్నెలు తోమే గది, గదిలో పక్కపక్కనే రెండు స్టీలు తొట్లు. ఒకదాంట్లో పొగలు కక్కే వేణ్ణీళ్ళు, ఇంకోదాంట్లో చన్నీళ్ళు. అదీ ఆవిడ రాజ్యం. ఆ రాజ్యంలో ఆవిడ మాటకి తిరుగులేదు. వయసులో ఆవిడకన్నా పెద్దవాడూ, నోటికి అడ్డూ అదుపూ లేనివాడూ అయిన పెద్ద వంటాయన కూడా ఆవిడని అక్కా అనే పిలిచేవాడు.

యజమాని రబ్బరు గ్లౌజులు కొనిచ్చాడు, ఆయన్ని అనడానికి లేదు. అక్కే వాటిని మేకుకి తగిలించి ఉంచేది. "అవి వేసుకుంటే జిడ్డు పోయిందో లేదో వేలికెలా తెలుస్తుంది?" అనేది. తోమిన ప్రతి పళ్ళేన్నీ అడుగున బొటనవేలితో ఒక్కసారి రాసి చూసేది. కిర్రుమంటే శుభ్రమైనట్టు, జారితే మళ్ళీ తొట్లోకి. ఆ కిర్రు వినకుండా ఒక్క పళ్ళెం కూడా ఆవిడ చేతిలోంచి బయటికి పోలేదు. ఆ తోమే పొడి మాత్రం సామాన్యమైంది కాదు. పళ్ళెం మీది జిడ్డుతో ఆగకుండా చేతి చర్మాన్ని కూడా తినేసేది.

ఇక ఆవిడ మొగుడు. సందులో అందరూ ఆయన్ని దొర అనేవాళ్ళు. జమీలూ లేవు, జాగీర్లూ లేవు. బట్టల గోడౌను గేటు దగ్గర పగటి కాపలా. కుర్చీలో కూర్చోవడం, లారీ వస్తే లేచి మీట నొక్కడం, గేటు తెరుచుకున్నాక మళ్ళీ కూర్చోవడం, అంతే పని. టీ తాగేటప్పుడు కుడిచేతి చిటికెన వేలు గాల్లోకి లేపి పెట్టేవాడు. అందుకే దొర అయ్యాడు. తడి అంటే ఆయనకి గిట్టదు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కడిగి ఎరగడు. తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయే రకం. అక్క ఆయనతో పోట్లాడేది కూడా కాదు. పైగా, "ఆయన చేతులు ఎంత మెత్తగా ఉంటాయో" అని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేది. ఇలాంటి ఇల్లాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది గాని, చేసేదేముంది? వాళ్ళిద్దరికీ లేని బాధ మనకెందుకు?

వాళ్ళ బాధ వేరే. ఇద్దరికీ కాగితాలు లేవు. పరాయి దేశానికి వచ్చినప్పుడు ఉన్నాయి. తీసుకొచ్చిన కుట్టుపని కంపెనీవాళ్ళు భద్రంగా దాస్తామని పాస్‌పోర్టులు పుచ్చుకున్నారు. ఒకరోజు పొద్దున పనికి వెళ్ళేసరికి కంపెనీకి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే లోపల మిషన్లూ లేవు, మనుషులూ లేరు. తాళం మాత్రం కొత్తది. ఆ రోజు నుంచీ వాళ్ళిద్దరూ ఆ దేశంలో ఉన్నా లేనట్టే లెక్క.

లేనివాళ్ళలాగే బతకడం నేర్చుకున్నారు. యూనిఫాం కనిపిస్తే పక్క సందు. జ్వరమొస్తే మందుల షాపాయనే డాక్టరు. అన్నిటికంటే ముఖ్యంగా, రోడ్డు మీద మొగుడూ పెళ్ళాం ఎప్పుడూ కలిసి నడిచేవారు కాదు. ఆయన ఈ పక్క, ఆవిడ ఆ పక్క. ఒకరు దొరికిపోతే రెండోవాళ్ళు మిగలాలి కదా. దారిలో ఏదైనా చెప్పాలనిపించినా ఇంటికి వెళ్ళేదాకా నోట్లోనే అట్టేపెట్టుకునేవారు. సగం మాటలు దారిలోనే మరిచిపోయేవారు. గదికి చేరి తలుపు గడియ పెట్టాక మాత్రం వాళ్ళంత సుఖంగా ఉన్నవాళ్ళు ఆ సందులో ఎవరూ లేరు. తిండికి లోటు లేదు, నవ్వుకి లోటు లేదు. అయినా అక్కకి ఒకే ఒక్క కోరిక ఉండేది. పట్టపగలు ఆయన పక్కన పెద్ద రోడ్డు మీద నడవాలి.

ఆ రోజుల్లో వచ్చింది కాన్సులమ్మ. మన ఎంబసీలో కాన్సులర్ ఆఫీసరు ఆవిడ. అంత పేరు ఎవరు పలుకుతారు, అందుకని జనం కాన్సులమ్మ చేసేశారు. కారు ఎక్కడో పెద్ద రోడ్డు మీద వదిలేసి, బురదలో చెప్పులు పాడుచేసుకుంటూ నడిచి వచ్చి రేకు తలుపు దగ్గర నిలబడింది.

"నేను ఎవర్నీ పట్టుకోడానికి రాలేదమ్మా" అంది.

"పట్టుకునేవాళ్ళు కూడా ముందు ఇలాగే అంటారు" అన్నాడు పెద్ద వంటాయన, గరిటె దించకుండా.

ఆవిడ నవ్వింది. "నిజమే. అయితే రేపు మళ్ళీ వస్తాను. రేపు కూడా పట్టుకోకపోతే ఎల్లుండి నమ్మండి."

అన్నట్టే వచ్చింది. ఎల్లుండి కూడా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ గడప మీద కూర్చుని అదే విషయం ఓపిగ్గా చెప్పింది. మన ప్రభుత్వం, ఇక్కడి ప్రభుత్వం కూర్చుని ఒక మాట అనుకున్నాయి. కాగితాలు లేనివాళ్ళు గడువులోగా ముందుకు వస్తే చాలు, వీళ్ళు మావాళ్ళేనని ఎంబసీ తేల్చి కొత్త పాస్‌పోర్టు ఇస్తుంది, దాని మీద ఇక్కడి కార్మిక శాఖ పనికార్డు ఇస్తుంది. శిక్ష లేదు, వెనక్కి పంపడం లేదు. క్యాంపు పెట్టిన వీధిలో పోలీసు కనబడడు. పేపర్లో ఇది రెండు లైన్ల వార్త. ఆ రెండు లైన్ల కోసం ఆవిడ ఎన్ని గదుల బయట బల్లల మీద కూర్చుందో, ఎన్నిసార్లు రేపు రమ్మనిపించుకుందో ఏ పేపరూ రాయలేదు. మనుషుల్ని నమ్మించడం తర్వాతి సంగతి, ముందు ప్రభుత్వాల్ని నమ్మించాలి.

"మరి రాకపోతే?" అంది అక్క.

"గడువు దాటితే నా చేతిలో ఏమీ ఉండదు. మళ్ళీ ఇలాంటి ఒప్పందం ఎప్పుడు కుదురుతుందో నాకు తెలీదు" అంది కాన్సులమ్మ. తియ్యటి మాటలు చెప్పకపోవడమే ఆవిడలో అక్కకి నచ్చింది. ఆ మాటకే కదిలింది.

సెలవురోజు ఒక బడి హాల్లో క్యాంపు పెట్టారు. మనవాళ్ళో కాదో తేల్చడానికి కాన్సులమ్మ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఊరూ పేరూ, చుట్టుపక్కల సంగతులూ అడుగుతుంది. దొర చెప్పడం మొదలుపెడితే ఆపడం ఆవిడ తరం కాలేదు. "చాలండీ, మీరు మనవాళ్ళే" అని దణ్ణం పెట్టింది. తర్వాత వేలిముద్రలు. అవి మాత్రం కార్మిక శాఖవాళ్ళ మిషన్ మీద పడాలి. ఒక గాజుబిళ్ళ, పక్కన చిన్న దీపం. ముద్ర పడితే పచ్చ, పడకపోతే ఎరుపు.

దొర పది వేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. పది సార్లూ పచ్చ. మిషన్ దగ్గరి గుమాస్తా, "ఇంత స్పష్టంగా ఈ హాల్లో ఎవరివీ పడలేదండీ" అన్నాడు. దొర కాలరు సర్దుకున్నాడు. పెళ్ళాం చాకిరీ వల్ల మెత్తగా మిగిలిన వేళ్ళు కదా, ఎందుకు పడవు?

అక్క బొటనవేలు పెట్టింది. ఎరుపు. తుడుచుకుని పెట్టింది. ఎరుపు. గుమాస్తా ఆవిడ వేలికి నూనె రాశాడు, గట్టిగా నొక్కమన్నాడు, ఇంకో వేలు పెట్టమన్నాడు. పదీ అయ్యాయి. ఆయన ఆవిడ చెయ్యి దీపం కిందకి జరిపి చూసి, "గీతలు లేవమ్మా" అన్నాడు. చెడ్డగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. అక్క తన వేళ్ళకేసి చూసుకుంది. వాడి వాడి అరిగిన సబ్బుబిళ్ళలా నున్నగా ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ వేళ్ళతో అందరి పళ్ళేలూ తడిమింది గాని వాటిని ఎప్పుడూ చూసుకోలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే ఆయన ఆ పక్క, ఆవిడ ఈ పక్క నడిచారు. ఆయనకి కార్డు వస్తుంది, తనకి రాదు. గడువు దాటాక ఆయన ఉన్నవాడు, తను లేనిది. ఆయన చూడటం లేదు కదా అని అక్క దారి పొడుగునా ఏడ్చింది. ఆయన చూస్తూనే ఉన్నాడు.

అక్క ఒక్కతే కాదు. ఆ క్యాంపులో తాపీపనివాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, చేపలు కడిగేవాళ్ళు ఎంతోమంది ఎర్రదీపం చూసి వెనక్కి తిరిగారు. కాన్సులమ్మ ఊరుకోలేదు. కార్మిక శాఖ పెద్దాఫీసరుకి ఉత్తరాలు రాస్తే జవాబులు మర్యాదగా వచ్చాయి గాని గడువు కదల్లేదు. దాంతో ఆయన్నే క్యాంపు చూడ్డానికి రమ్మని పిలిచింది. వస్తే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టలేదు, ఉపన్యాసం అడగలేదు. ముద్రలు పడనివాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి, "ఒకసారి అందరితో చేతులు కలపండి సార్, సంతోషిస్తారు" అంది.

ఆయన మర్యాదస్తుడు, కలిపాడు. మొదట్లో నవ్వుతూ గబగబా కలిపాడు. పోనుపోను నెమ్మదించాడు. అక్క దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కలిపి వదల్లేదు. ఆవిడ వేళ్ళ కొసలు తన బొటనవేలితో తడిమి చూశాడు, అచ్చం ఆవిడ పళ్ళెం అడుగు తడిమినట్టే. క్యాంపులోని డాక్టరు వైపు తిరిగి, "ఇవి మళ్ళీ వస్తాయా?" అని అడిగాడు.

"గీతలు ఎక్కడికీ పోవండీ. నీళ్ళు, పొడి తగలకుండా నెలన్నర ఉంచితే లోపల్నించి మళ్ళీ అవే పైకొస్తాయి" అన్నాడు డాక్టరు.

గడువు ఇంకో నెలన్నర పెరిగింది. అంతవరకూ చేతులరిగినవాళ్ళని ఎవరూ ఆపకూడదని ఒక చీటీ కూడా ఇచ్చారు. కాన్సులమ్మ మాత్రం అందరికీ చెప్పింది, "ఇదే ఆఖరు. మళ్ళీ పెంచమని అడగనని మాటిచ్చి తెచ్చాను" అని.

ఇక అక్క నెలన్నర నీళ్ళు ముట్టకూడదు. మానేస్తే యజమాని ఇంకొకర్ని పెట్టుకుంటాడు, కార్డు రావాలంటే ఉద్యోగం ఉండాలి. ఆ సాయంత్రం గదిలో దొర గొంతు సవరించుకున్నాడు.

"రేపట్నుంచి తొట్టి దగ్గర నేను. గేటు దగ్గర కుర్చీలో నువ్వు."

అక్క నవ్వింది. "మీకు గ్లాసు కడగడం రాదు."

"నేర్పు. వస్తుంది."

"మరి మీ చేతులు?"

"నా వేళ్ళు ఎప్పుడో పద్దుకెక్కాయి. ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇక ఇవి అరిగితే ఎంత, అరక్కపోతే ఎంత?"

అక్కకి ఆ మాట సబబుగానే తోచింది. ఫోటో తీయించుకున్నాక మొహంతో పనేముందన్నట్టు, ముద్ర ఇచ్చేశాక వేలితో పనేముందని ఇద్దరూ అనుకున్నారు. ఆ హాల్లో ఎవర్నడిగినా అదే చెప్పి ఉండేవారు.

పని ఆగకపోతే చాలని యజమానులిద్దరూ ఒప్పుకున్నారు. మొదటి రోజు దొర వస్తూనే మేకుకున్న గ్లౌజులు తీసి తొడుక్కున్నాడు. పని నేర్పడానికి ఆ ఒక్కరోజు గేటుకి సెలవు చెప్పి వచ్చిన అక్క, చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"అవి తీసెయ్యండి" అంది.

"వేళ్ళు మండిపోతాయే."

"మండితే మండాయి. ఈ హోటల్లో నా పళ్ళేనికి ఒక పేరుంది. గ్లౌజులతో తోమితే కిర్రు తెలీదు."

దొర బుద్ధిగా తీసి మేకుకి పెట్టాడు. ఆ రోజు ఆయన తోమినవాటిలో సగం పళ్ళేలు కిర్రు వినబడలేదని అక్క మళ్ళీ తొట్లోకి పంపించింది. చొక్కా తడిసింది, ప్యాంటు తడిసింది, చెవిలోకి నురగ పోయింది. అంత తడిలోనూ పీచు పట్టుకున్న కుడిచెయ్యి చిటికెన వేలు మాత్రం గాల్లోనే ఉంది. పెద్ద వంటాయనకి పండగే అయింది.

"దొరగారూ, ఆ ఒక్క వేలూ ఖాళీగా ఉన్నట్టుంది. దాన్ని కూడా కాస్త పనిలోకి దింపకూడదూ?"

"అది సూపర్‌వైజరు" అన్నాడు దొర.

వారం తిరిగేసరికి పళ్ళేలు కిర్రుమన్నాయి. రెండో వారానికి దొర తనంతట తనే జారిన పళ్ళేలు వెనక్కి వేసుకోసాగాడు. ఇంటికొచ్చాక కూడా ఊరుకోక, తిన్న కంచాలు తనే తీసి తోమేవాడు. అలవాటులేని చేతులు కదా, పొడి వాటిని అక్క చేతులకన్నా త్వరగా తినేసింది. వేళ్ళ కొసలు పొట్టు రేగాయి. "మంటగా ఉందా?" అని అక్క అడిగితే, "ఏం లేదు, గట్టిపడుతున్నాయి" అనేవాడు. అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు ఆయనకి.

అక్క పని మరీ కష్టం. కుర్చీలో ఊరికే కూర్చోవాలి. డాక్టరు చెప్పినట్టు నూనె రాసి, నూలు గ్లౌజులు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వేళ్ళు పని కోసం జివజివలాడేవి. గేటుకి దుమ్ము పడితే కొంగుతో తుడవబోయి తనని తనే తిట్టుకునేది. మొదట్లో లారీ ఆగితే గుండె ఆగేది. రోడ్డుకి ఎదురుగా మొహం పెట్టి పగటిపూట కూర్చుని ఎన్నేళ్ళయిందో. ఒక రోజు యూనిఫాం వేసుకున్న మనిషి ఎదురుగా వచ్చాడు. లేచి పారిపోదామనుకుంది గాని, కొంగున కట్టుకున్న చీటీ గుర్తొచ్చి ఆగింది. ఆయన గేటు దగ్గర ఆగి, టైమెంతయిందని అడిగి, చెప్పించుకుని, థాంక్సు చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అక్క కుర్చీని ఇంకాస్త ముందుకి జరుపుకుంది. దారిన పోయేవాళ్ళు పలకరించడం మొదలుపెట్టారు. కుర్చీలో కూర్చోవడం కూడా ఒక పనేనని, మొగుడు ఇన్నాళ్ళూ మరీ ఊరికే కూర్చోలేదని ఆవిడకి కొంచెం కొంచెంగా అర్థమైంది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం గ్లౌజు తీసి ఎండలో వేలు తిప్పి చూసుకుంటే, కొసన సన్నగా, చుట్టలు చుట్టలుగా, చిన్నప్పటి నుంచీ తనవే అయిన గీతలు కనిపించాయి. ఆ వేలు కొసని ముద్దు పెట్టుకుంది. ఎవరైనా చూస్తారేమోనన్న ధ్యాస కూడా లేదు. ఆ వారమే క్యాంపుకి వెళ్తే మిషన్ మీద పది వేళ్ళకీ పచ్చదీపం వెలిగింది.

కార్డులు ఇచ్చే రోజూ, గడువు ముగిసే రోజూ ఒకటే. అదే హాలు, అదే మిషన్. పాస్‌పోర్టు కాన్సులమ్మ చేతుల మీదుగా, పనికార్డు గుమాస్తా చేతుల మీదుగా. తీసుకునేది అసలు మనిషో కాదో చూడ్డానికి ఇంకొక్కసారి వేలు పెట్టాలి. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. అక్క వేలు పెట్టింది, పచ్చ. కార్డు చేతిలో పడింది. పక్కకి జరిగి, నవ్వుతూ మొగుడికి దారిచ్చింది.

దొర బొటనవేలు పెట్టాడు. ఎరుపు.

గుమాస్తా తెరమీది ఫోటో చూశాడు, మనిషిని చూశాడు. "మీవే కదండీ అంత బాగా పడ్డవి? ఇప్పుడేం పని చేస్తున్నారు?"

"అంట్లు తోముతున్నాను" అన్నాడు దొర. అలాంటి సమయంలో కూడా ఆ మాట కొంచెం గర్వంగానే అన్నాడు.

"పది వేళ్ళూ తీసుకున్నాం కాబట్టి ఏ ఒక్కటి కలిసినా చాలు. పెట్టండి" అన్నాడు గుమాస్తా. చూపుడువేలు, ఎరుపు. నడిమివేలు, ఎరుపు. ఎడమచెయ్యి మార్చాడు. ఆ చెయ్యి వేళ్ళన్నీ ఎరుపే. కాన్సులమ్మ తన బల్ల దగ్గర్నించి లేచి వచ్చింది. "సాయంత్రం మిషన్లు పట్టుకెళ్ళిపోతారు. నేను ఫోన్ చేస్తాను, కానీ మాటిచ్చినదాన్ని, ఏమంటారో చెప్పలేను" అంది.

గ్లౌజులు తియ్యమన్నది తనే. మేకుకి పెట్టించింది తనే. నా పళ్ళేనికి పేరుందని అన్నది తనే. అక్క చేతిలో కార్డు బరువెక్కింది. ఆయన లేకుండా ఈ కార్డు తనకెందుకు? మళ్ళీ చెరో పక్కా నడవాలా, ఈసారి ఆయన భయపడుతూ, తను భయం లేకుండా? దొర వేళ్ళు చొక్కాకి తుడుచుకుంటూ, "నీకు వచ్చింది కదా, పోనీలేవే" అంటున్నాడు. తుడుచుకునేటప్పుడు కూడా ఆ చిటికెన వేలు గాల్లోకి లేచే ఉంది. అది అక్క కంట పడింది.

"చిటికెన వేలు పెట్టారా?" అంది.

"ఏది?"

"కుడిచెయ్యిది. నీళ్ళలో పెట్టరుగా దాన్ని మీరు."

గుమాస్తా కుడిచెయ్యి సగంలోనే వదిలేసి ఎడమకి వెళ్ళాడు. దొర ఆ వేలిని చూసుకున్నాడు, గాజుబిళ్ళ మీద మెల్లిగా ఆనించాడు. దీపం కాసేపు ఎటూ తేల్చుకోలేదు. తర్వాత పచ్చగా వెలిగింది.

కాన్సులమ్మ కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. వరసలో వెనక నిలబడ్డ పెద్ద వంటాయన, "సూపర్‌వైజరు గారికి దణ్ణం" అన్నాడు. హాలంతా నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు. పొట్టు రేగిన ఆ చేతిలోంచి మెత్తగా మిగిలిన ఆ ఒక్క వేలినీ పట్టుకుంది.

"పెళ్ళినాడు ఈ వేలు పట్టుకునే కదా మీ వెంట వచ్చాను" అంది.

దొర గుమాస్తా ఇచ్చిన కార్డు జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ మెట్లు దిగి, వెనక సందువైపు తిరగబోయి, ఆగారు. తర్వాత ఆ చిటికెన వేలు వదలకుండానే అక్క ఆయన పక్కన పెద్ద రోడ్డు మీదికి నడిచింది.